పిల్లికూనల వరుస మరణాలు: విషమని తేల్చే ముందు

(ప్రత్యేక వ్యాసం)

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా, అమలాపురం మండలంలోని బండారులంక చేనేతకు పేరు పొందిన గ్రామం. మగ్గం ఉన్న ఇంట పిల్లిని పెంచుకోవడం కేవలం ముచ్చట కోసం కాదు. గంజి పట్టించిన పడుగంటే ఎలుకలకు ఇష్టం. అవి కొరికిన పోగులను ఒక్కొక్కటిగా అతుక్కొని మళ్ళీ నేత సాగించడమంటే కూలి లేని శ్రమ. కొబ్బరి తోటల నడుమ, కాలువ గట్ల వెంట ఉన్న ఇళ్ళకు ఎలుకల బెడద ఎటూ తప్పదు. అందువల్ల ఇంట్లోని పిల్లి ముసలిదైనా, కనిపించకుండా పోయినా, పొరుగూరి బంధువుల ఇంటి నుంచి ఒక కూనను తెచ్చుకోవడం కోనసీమలో సర్వసాధారణం.

కొత్త కూన వచ్చిన వారం పది రోజులకు ఆహారం ముట్టదు. పసుపుపచ్చని నురగ కక్కుతుంది. ఒకటి రెండు రోజుల్లో మరణిస్తుంది. తరువాత పక్క ఇంటి కూన, ఆపై వీధి చివరి ఇంటి కూనలు అదే దారి పడతాయి. ఎవరో విషం పెట్టారన్న మాట అప్పుడు పుడుతుంది. పిల్లిని చంపడం మహాపాపమని నమ్మే పల్లెల్లో అది చిన్న నింద కాదు. ఇరుగు పొరుగుల మధ్య మాట పట్టింపులు పెరిగి, ఫిర్యాదుల వరకు, పత్రికల్లో వార్తల వరకు వెళ్ళిన సందర్భాలు ఉంటాయి. ఇటువంటి మరణాలకు విషం కంటే ముందుగా అనుమానించవలసిన కారణం ఒకటున్నది. అది పిల్లులకు సోకే ఒక అంటువ్యాధి. పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారులు దీనిని గురించి తెలుసుకోవడం అవసరం.

పశువైద్యులు ఈ వ్యాధిని ఫెలైన్ పాన్‌ల్యూకోపీనియా అని వ్యవహరిస్తారు. రక్తంలోని తెల్లకణాలన్నీ తగ్గిపోవడమని ఆ పేరుకు అర్థం. కారకం పార్వో జాతి వైరస్. ఇది వైరస్ వల్ల కలిగే వ్యాధి అని 1928లోనే వెల్లడైంది. 1978లో ప్రపంచమంతటా కుక్కపిల్లలను బలిగొన్న పార్వో వైరస్ దీనికి అతి దగ్గరి బంధువు. మనుషులకు మాత్రం ఈ వ్యాధి సోకదు. ఇంట్లో పసిపిల్లలున్నారన్న భయంతో జబ్బు చేసిన కూనను వీధిలో వదిలివేయడం ఎంతమాత్రం అవసరం లేదు. అలా వదలడం వ్యాధిని ఊరంతా పంచడమే అవుతుంది.

శరీరంలో వేగంగా విభజన చెందే కణాలను ఈ వైరస్ ఎంచుకుంటుంది. పేగుల లోపలి పొర, ఎముకల మూలుగ అటువంటివే. పేగు పొర చిరగడంతో వాంతులు, విరేచనాలు మొదలై ఒంట్లోని నీరు పోతుంది. మూలుగ దెబ్బతినడంతో తెల్లకణాలు పడిపోయి, చిరిగిన పేగు ద్వారా రక్తంలోకి వచ్చే సూక్ష్మజీవులను ఎదుర్కొనే శక్తి నశిస్తుంది. ఈ రెండు దెబ్బలూ ఒకేసారి తగలడం వల్లనే కూన అంత త్వరగా కూలిపోతుంది. చికిత్స అందని కూనలలో అత్యధిక భాగం మరణిస్తాయి. కొన్ని కూనలు ఏ లక్షణమూ చూపకుండానే రాత్రికి రాత్రి చనిపోతాయి. విషమన్న అనుమానానికి బలం చేకూర్చేది ఎక్కువగా ఇటువంటి మరణాలే.

వైరస్ సోకిన తరువాత సాధారణంగా 2 నుంచి 10 రోజుల్లో లక్షణాలు బయటపడతాయి. తొలుత మందకొడితనం, తీవ్ర జ్వరం. తరువాత వాంతులు. విరేచనాలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా రావచ్చు, రాకపోవచ్చు కూడా. నీటి గిన్నె మీద తల వాల్చి, త్రాగలేక అలాగే కూర్చుండిపోవడం ఈ వ్యాధిలో తరచు కనిపించే దృశ్యం. ఎలుకల మందు తిన్న పిల్లి తీరు కొంత వేరుగా ఉంటుంది. జింకు ఫాస్ఫైడు తిన్నట్లయితే సాధారణంగా గంటల్లోనే లక్షణాలు కనిపిస్తాయి. వాంతికి వెల్లుల్లి వంటి వాసన ఉండవచ్చు. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం మందు తిన్నట్లయితే కొన్ని రోజుల తరువాత రక్తస్రావం జరుగుతుంది. టీకా లేని కూనలు మాత్రమే, ఒకదాని తరువాత ఒకటి, రోజుల వ్యవధిలో మరణిస్తూ, పెద్ద పిల్లులు క్షేమంగా ఉన్నట్లయితే వైరస్‌నే ముందుగా అనుమానించాలి. అయితే కంటి చూపుతో ఖరారు చేయదగిన విషయం కాదిది. కుక్కల పార్వో వ్యాధికి పశువైద్యులు వాడే మల పరీక్ష కిట్టు ఈ వైరస్‌ను కూడా గుర్తించగలదు. తెల్లకణాల లెక్క మరో ఆధారం. మరణించిన కూనకు శవపరీక్ష చేయిస్తే వివాదానికి తెరపడుతుంది.

జంతువుకు విషం పెట్టి చంపడం నేరమన్నది కూడా ఇక్కడ పేర్కొనవలసి ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ ప్రకారం ఇందుకు ఐదేళ్ళ వరకు జైలు శిక్ష విధించవచ్చు. అంతటి నేరాన్ని పొరుగువారి మీద మోపే ముందు, లేదా ఆ ఆరోపణను అచ్చు వేసే ముందు, పశువైద్యాధికారి అభిప్రాయం తీసుకోవడం ఉచితం.

ఇక కూనను బ్రతికించుకునే మార్గం. వైరస్‌ను నేరుగా చంపే మందు వాడుకలో లేదు. పోయిన నీటిని, లవణాలను సెలైను ద్వారా తిరిగి ఎక్కించడం, వాంతులను అదుపు చేయడం, సూక్ష్మజీవుల దాడిని యాంటీబయాటిక్‌లతో నిలువరించడం, ఒంటి వేడిని కాపాడడం, ఇదే చికిత్స. శరీరం తనంతట తాను తెల్లకణాలను తయారు చేసుకునే వరకు ప్రాణాన్ని నిలబెట్టడమే పశువైద్యుని కృషి. మొదటి ఐదు రోజులు గడిచిన కూన సాధారణంగా కోలుకుంటుంది. అందువల్ల మొదటి పూట విలువైనది. ఆహారం మానివేసిన రోజునే పశువైద్యశాలకు చేర్చిన కూనకు, మూడవ రోజున ఒళ్ళు చల్లబడిన తరువాత తెచ్చిన కూనకు ఉండే అవకాశాలలో చాలా తేడా ఉంటుంది.

ఇంటి వద్ద చేయదగిన సేవ కొంత ఉన్నది. అట్టపెట్టెలో పాత నూలు గుడ్డలు పరచి, వేడినీటి సీసాకు గుడ్డ చుట్టి ఒక ప్రక్కన ఉంచాలి. వేడి ఎక్కువైతే కూన జరిగేందుకు పెట్టెలో చోటుండాలి. మలినమైన వెనుక భాగాన్ని గోరువెచ్చని నీటితో తుడిచి తడి ఆరనివ్వాలి. బాగా నీరసించిన కూనకు ఆసుపత్రికి తీసుకువెళ్ళే లోగా చిగుళ్ళకు కొద్దిగా చక్కెర నీరు రాయవచ్చు. పడుకొని ఉన్న కూన నోట్లో పాలు గాని, నీరు గాని, గంజి గాని పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోయి వ్యాధి కంటే ముందే ప్రాణం తీస్తుంది. వాంతులు తగ్గిన తరువాత ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం నీటితో, కొద్ది కొద్దిగా ఆహారం మొదలుపెట్టాలి. ఆవుపాలు, గేదెపాలు విరేచనాలను పెంచుతాయి.

మనం మేలు చేస్తున్నామనుకొని చేసే రెండు పనులు పిల్లులకు ప్రాణాంతకం. మొదటిది జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వడం. పసిపిల్లల సిరప్ ఇంట్లో సిద్ధంగా ఉంటుంది కనుక రెండు చుక్కలు వేద్దామనిపిస్తుంది. పిల్లి శరీరానికి ఆ మందును విరిచివేసే శక్తి లేదు. చిన్న మోతాదు కూడా దానికి విషమే. రెండవది ఫినాయిల్. జబ్బు చేసిన కూన ఉన్న చోట ఫినాయిల్ చల్లడం మన ఇళ్ళలో మొదట జరిగే పని. డెట్టాల్ నీటితో కూనను తుడవడం మరొకటి. ఈ రకం రసాయనాలు పాదాలకు అంటి, నాకినప్పుడు కడుపులోకి చేరి పిల్లిని విషతుల్యం చేస్తాయి. విషం ఎవరో పెట్టారని వెదకే ఇంట, తెలియక పెట్టినది ఇదే కావడం విచారకరం. పైగా పార్వో వైరస్‌పై ఫినాయిల్ ప్రభావాన్ని నమ్ముకోవడానికి లేదు.

ఈ వైరస్‌ను చంపేది క్లోరిన్. పల్లెల్లో సులభంగా దొరికే బ్లీచింగ్ పౌడరు లీటరు నీటికి సుమారు 6 గ్రాముల చొప్పున కలిపి, తేరిన నీటిని వాడాలి. సంచి తెరచి ఎంతకాలమైనదో చూసుకోవాలి. గాలి తగిలి నిల్వ ఉన్న పౌడరులో సత్తువ ఉండదు. మొదట సబ్బు నీటితో మలినాన్ని పూర్తిగా కడిగి, తరువాతనే ఈ నీటిని పోసి కనీసం పది నిముషాలు తడిగా ఉంచాలి. మలినం మీద పోసిన క్లోరిన్ వృథా. నేల ఆరే వరకు పిల్లులను అటు రానివ్వరాదు.

నేతకారుల ఇళ్ళలో ఇక్కడొక చిక్కు ఉన్నది. బ్లీచింగ్ నీటి తుంపర పడితే రంగు నూలు వెలిసిపోతుంది, చీర పనికిరాకుండా పోతుంది. కావున నూలును, పడుగును, నేసిన బట్టను వేరే చోటికి చేర్చిన తరువాతనే ఈ పని చేపట్టాలి. గుంట మగ్గం గోతిలోని మట్టి, మగ్గం కర్ర, పేడ అలికిన నేల ఎంత కడిగినా పూర్తిగా శుద్ధి కావు. వైరస్ అటువంటి చోట్ల ఏడాది వరకు సజీవంగా ఉండగలదు. ఒక కూన మరణించిన ఇంట నెల తిరగకుండానే మరొక కూనను తెచ్చుకొని, అది కూడా చనిపోతే ఇంటికి కీడు సోకిందని బాధపడే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ ఇంటికి టీకాలు పూర్తయిన పిల్లినే తేవాలి. లేనిచో ఏడాది ఆగాలి.

జబ్బు కూనను ప్రత్యేక గదిలో ఉంచి, ఆరోగ్యంగా ఉన్న పిల్లులకు ఆహారం పెట్టిన తరువాతనే దాని వద్దకు వెళ్ళాలి. గిన్నె, గుడ్డలు వేరుగా ఉంచాలి. వైరస్ చేతులకు, చెప్పులకు, చీరకుచ్చెళ్ళకు అంటుకొని కూడా ప్రయాణిస్తుంది. కోలుకున్న కూన మలంలో ఆరు వారాల వరకు వైరస్ విడుదల కావచ్చు కనుక అన్నాళ్ళూ వేరుగా ఉంచడమే మేలు. ఒకసారి కోలుకున్న పిల్లికి మాత్రం దాదాపు జీవితాంతం రక్షణ ఉంటుంది. తల్లి కడుపులో ఉండగా వైరస్ సోకిన కూనలు కొన్ని తూలుతూ, తల వణికిస్తూ నడుస్తాయి. అది పెరిగే జబ్బు కాదు, అంటుకొనేదీ కాదు. కొద్దిపాటి ఆసరాతో అవి చాలాకాలం జీవించగలవు.

మరణించిన కూనలను కాలువలో పారవేయడం మానుకోవలసిన అలవాటు. మధ్య డెల్టా కాలువల నీరే ఎన్నో గ్రామాలకు త్రాగునీటికి ఆధారం. లంక భూములలో కొద్దిగా త్రవ్వితేనే నీరు ఊరుతుంది కాబట్టి, మెరక స్థలం చూసి, బావులకు, బోరులకు దూరంగా, లోతుగా పూడ్చాలి.

నివారణకు మూడు వ్యాధుల సంయుక్త టీకా ఉన్నది. దీనిని 6 నుంచి 8 వారాల వయసులో ప్రారంభించి, 16 వారాలు దాటే వరకు మూడు నాలుగు వారాలకు ఒకసారి వేయిస్తారు. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ కూనలో ఉన్నంతకాలం టీకా పనిని అడ్డుకుంటుంది. అది ఎప్పుడు తొలగిపోతుందో బయటికి తెలియదు. ఒక్క సూదితో సరిపెట్టుకోరాదనడానికి కారణం ఇదే. చూడి పిల్లికి, నాలుగు వారాలు నిండని కూనకు సజీవ టీకా వేయించరాదు. కొత్తగా తెచ్చిన కూనను ఎంత ముద్దు వచ్చినా 14 రోజులు ఇంటి పిల్లులతో కలపరాదు. తుమ్ములు, కళ్ళ పుసులు, నోటి పుండ్లతో వచ్చే పిల్లుల జలుబు కూడా వైరస్ వ్యాధియే. ఇదే టీకా దాని తీవ్రతను తగ్గిస్తుంది.

మరొక వైరస్ విషయంలో మాత్రం పై ధైర్యం పనికిరాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాలలో హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయింది. అదే సంవత్సరం ఆరంభంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులలో ఈ వైరస్ బయటపడింది. బర్డ్‌ఫ్లూ మనుషులకు సోకగలదు. కనుక కోడిమాంసం దుకాణాల పచ్చి వ్యర్థాలను పిల్లులకు వేయరాదు. బాగా ఉడికించిన మాంసంతో ప్రమాదం లేదు. పిల్లులతో పాటు కోళ్ళు, కాకులు, కొంగలు కూడా ఆ పరిసరాల్లో మరణిస్తున్నట్లయితే కళేబరాలను చేతులతో తాకకుండా వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి. జబ్బు కూనకు సేవ చేస్తుండగా అది కరచినా, రక్కినా ఆ గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీటి క్రింద 15 నిముషాలు కడిగి, రేబిస్ టీకా కోసం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి.

పిల్లికూనలు వరుసగా మరణిస్తున్నట్లు సమాచారం అందినప్పుడు గ్రామస్థాయి సిబ్బంది ఎన్ని కూనలు, ఏ వయసువి, ఏయే తేదీలలో మరణించాయి, టీకాలు వేయించారా, ఆ పరిసరాలలో పక్షుల మరణాలున్నాయా అన్న వివరాలను నమోదు చేసి పశువైద్యాధికారికి అందజేయవలసి ఉంటుంది. శవపరీక్షకు ఉద్దేశించిన కళేబరాన్ని పాలిథిన్ సంచిలో కట్టి, మంచుగడ్డల మధ్య ఉంచి అదే రోజు పంపాలి. సంచార పశువైద్య సేవల కోసం టోల్ ఫ్రీ నంబరు 1962కు ఫోన్ చేయవచ్చు.