ప్రతి భద్రమేనా? – టేపు యంత్రాన్ని ప్రశ్నించే విధానం

ధవళేశ్వరం వద్ద గోదావరి వరదను కంటి అంచనాకు వదలరు. గేజీపై నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహాన్ని చూసిన ఈ డెల్టా వాసులకు ఆ అంకెల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

నేడు హాజరు పట్టికలు, మార్కుల జాబితాలు, ఉభయ భాషల సంచికలు కంప్యూటరులో ఉంటున్నవి. అట్టి పత్రాలకు అయస్కాంత టేపుపై ప్రతి తీసి వేరొక చోట దాచే పద్ధతి పెద్ద సంస్థలలో నేటికీ ఉన్నది. 1952లో ఐ.బి.ఎం. సంస్థ తన తొలి టేపు యంత్రాన్ని ప్రకటించింది, 2000లో ఎల్.టి.ఓ. టేపులు వెలువడినవి.

అయితే ప్రతి తీసినంత మాత్రాన భద్రత కలుగుతుందా? నేనెరిగిన ఒక కార్యాలయంలో, ఏ రోజు మారిన పత్రాలను ఆ రాత్రే ఒకే టేపుపైకి ఎక్కించేవారు. యంత్రంపై పచ్చదీపం వెలుగుతూనే ఉండేది. వారం తరువాత చూడగా చివరి రాత్రి ఎక్కించినవి మాత్రమే మిగిలినవి!

కారణం చిన్నది. లైనక్స్ వ్యవస్థలో ఒకే టేపు యంత్రానికి రెండు పేర్లుంటాయి. ‘ఎస్‌టి0’ అని పిలిస్తే పని ముగియగానే టేపు మొదటికి చుట్టుకొంటుంది. మరునాటి రాత పాతదానిపైనే పడుతుంది. ‘ఎన్‌ఎస్‌టి0’ అని పిలిస్తే టేపు ఉన్నచోటనే నిలుస్తుంది.

టేపు ఎక్కడున్నదో తెలుసుకొనడానికి ఆదేశపంక్తిలో, ఆంగ్లాక్షరాలతో, ‘ఎంటి -ఎఫ్ /డెవ్/ఎన్‌ఎస్‌టి0 స్టేటస్’ అని టైపు చేయాలి. జవాబులో ‘ఆన్‌లైన్’ అని ఉంటే టేపు అమర్చబడి సిద్ధంగా ఉన్నదని, ‘డిఆర్_ఓపెన్’ అంటే యంత్రంలో టేపు లేదని, ‘డబ్ల్యుఆర్_ప్రాట్’ అంటే రాయడానికి వీలులేకుండా తాళం పడినదని అర్థం. ‘బిఓటి’ టేపు మొదటిలో ఉన్నదనడానికి గుర్తు. ‘ఫైల్ నంబర్’ అనే అంకె టేపు ఎన్నవ ఫైలు వద్ద నిలిచినదో చెబుతుంది. లెక్క సున్నతో మొదలవుతుంది. పాత ప్రతుల తరువాత కొత్తది రాయదలిస్తే, ముందుగా ‘స్టేటస్’ స్థానంలో ‘ఈఓఎం’ అని ఆదేశించి, రాసినంత మేర చివరకు టేపును నడపాలి. ఆ కార్యాలయంలో ఒక్క ఉదయమైనా ఈ ప్రశ్న వేసి ఉంటే, ‘బిఓటి’ అనే మూడక్షరాలే వారిని హెచ్చరించి ఉండేవి.

విద్యార్థి మిత్రులారా, ఒక్క మాట మరువరాదు. గేజీ నీటిమట్టాన్ని చెబుతుందే కాని, గట్టు బలాన్ని చెప్పదు. అట్లే ‘ఆన్‌లైన్’ అన్న జవాబు యంత్రం సిద్ధమని చెబుతుంది గాని, లోపలి రాత సరియైనదని హామీ ఇవ్వదు. కావున స్థితిని అడిగిన తరువాత, అప్పుడప్పుడు ఒక పత్రాన్ని టేపు నుండి వేరొక చోటికి తిరిగి దించి, అసలుతో పోల్చి చూడాలి. ఆ తేదీని, ఫలితాన్ని ఒక రిజిస్టరులో నమోదు చేయాలి. ఆ రిజిస్టరు మాత్రం కింది అరలో ఉండరాదు.