నేతిలో పూస ఎందుకు కడుతుంది?

దీపారాధనకు, నైవేద్యానికి భక్తులు సమర్పించే ద్రవ్యాలలో నేతికి విశేష స్థానం ఉంది. డబ్బా మూత తీయగానే దాత చూసేది పూస, తరువాత వాసన. వీటిని ఎంతవరకు నమ్మవచ్చో తెలియాలంటే నేతి అణువును కొంత పరికించాలి.

నెయ్యి, నువ్వులనూనె, కొబ్బరినూనె, అన్నింటి నిర్మాణమూ ప్రధానంగా ఒకటే. గ్లిసరాల్ అనే చిన్న అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు, ఒకే కొక్కేనికి తగిలించిన మూడు గొలుసుల వలె, అతుక్కొని ఉంటాయి. కొవ్వులు గ్లిసరాల్, కొవ్వు ఆమ్లాల కలయిక అని ఫ్రాన్సు రసాయనవేత్త షెవ్రల్ తన 1823 నాటి గ్రంథంలో వివరించాడు.

భేదమంతా ఆ గొలుసులలోనే ఉంది. 16 కర్బన పరమాణువుల పామిటిక్ ఆమ్లం, 18 గల స్టియరిక్ ఆమ్లం తిన్నని గొలుసులు. ఒకదానినొకటి ఒత్తుకొని సులభంగా పేరుకొంటాయి. ఓలియిక్ ఆమ్లంలోనూ 18 కర్బనాలే, కాని నడుమ ఉన్న ద్విబంధం వలన గొలుసు వంగిపోయి పొందికగా సర్దుకోదు. నువ్వులనూనెలో వంగిన గొలుసులే అధికం కనుక చలికాలంలోనూ అది ప్రమిదలో పేరదు. నేతిలో రెండు రకాలూ ఉన్నాయి. కాచిన నెయ్యి మెల్లగా చల్లారేటప్పుడు తిన్నని గొలుసులు ఎక్కువగా గల అణువులు ముందుగా స్ఫటికాలవుతాయి. అవే పూస. త్వరగా చల్లారిస్తే పూస సన్నబడుతుంది. గేదె నేతి పూస ఆవునేతి పూసకన్నా పెద్దది.

పూస ఉంటే నెయ్యి స్వచ్ఛమని పలువురి నమ్మకం. అది సరికాదు. నూనెలోని ద్విబంధాలకు హైడ్రోజన్ చేర్చితే గొలుసులు తిన్ననై నూనె గడ్డకడుతుంది. వనస్పతి తయారయ్యేది ఇలాగే. దానికీ పూస కట్టించవచ్చు. నేతిలో దీని కల్తీని కనిపెట్టడానికే వనస్పతిలో 5 శాతం నువ్వులనూనె తప్పనిసరిగా కలపాలని మన దేశంలో నియమం పెట్టారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్ఫ్యూరాల్ కలిపితే నువ్వులనూనె జాడ ఎర్రరంగుగా బయటపడుతుంది. దీపపు నూనె నేతికి కాపలా కాయడం చమత్కారమే!

పామాయిల్ వంటి నూనెల కల్తీని పట్టించేది మరొకటి: బ్యుటిరిక్ ఆమ్లం. 4 కర్బనాలే గల ఈ పొట్టి గొలుసు పాలకొవ్వుకు ప్రత్యేకం, వంటనూనెలలో ఉండదు. ప్రయోగశాలలో నేతి అణువును విడగొట్టి, నీటి ఆవిరితో పాటు లేచివచ్చే ఆమ్లాన్ని కొలుస్తారు. దీనిని రైషర్ట్–మైసల్ విలువ అంటారు. ఇతర నూనె కలిసిన కొద్దీ ఈ విలువ తగ్గుతుంది. అగ్‌మార్క్ ముద్ర పొందే నేతికి ఈ పరీక్ష ఉంటుంది.

బ్యుటిరిక్ ఆమ్లం గ్లిసరాల్‌కు అతుక్కొని ఉన్నంతకాలం వాసన ఇవ్వదు. తేమ చేరి విడివడినప్పుడే దుర్వాసన పుడుతుంది. కనుక సమర్పించే నేతిని ముద్ర విప్పకుండా తేవాలి. విడిగా తెచ్చేవారు పొడి పాత్రలోనే పోయాలి. తడి గరిటె తగలనీయరాదు.