ఎఱుక తొలగిన దాంపత్యము

అమెరికా సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి పీఠము నధిష్ఠించిన ప్రథమ మహిళయగు సాండ్రా డే ఓకానర్, జీవితాంతము నిలుపుకొనదగిన ఆ పదవిని 2006 జనవరిలో విడిచినది. 1952లో తన్ను వివాహమాడి, 1981లో తనకా పదవి లభించినపుడు ఫీనిక్సు నగరమునందలి తన న్యాయవాద సంస్థను వదలి భార్యవెంట వాషింగ్టనునకు తరలివచ్చిన భర్త జాన్, దాదాపు పదునైదేండ్లుగా ఆల్జీమర్స్ వ్యాధిచే క్షీణించుచుండుటయే అందులకు ముఖ్యకారణము. ఒకప్పు డాయన చేసిన త్యాగమును ఆమె యీ విధముగా తిరిగి చేసినది.

ఈ వ్యాధిలో సాధారణముగా తొలుత దెబ్బతినునది, నూతనానుభవములను జ్ఞాపకములుగా మలచు హిప్పోకాంపస్ అను మెదడు భాగము. అందుచేతనే రోగి నలువది యేండ్లనాటి పెండ్లి ముచ్చటను పొల్లుపోక చెప్పుచునే, గంట క్రితము తాను భోజనము చేసిన సంగతి నెఱుగడు. ఇంటివారు దీనిని చాదస్తమనియో, మొండితనమనియో భావించి కసరుదురు. కాని సంఘటన స్మృతినుండి తొలగినను, దానివలన గలిగిన దుఃఖముగాని సంతోషముగాని కొంతసేపు మనస్సున నిలిచియుండునని పరిశోధకులు గమనించిరి. కసరిన మాట మాసిపోవును. కలిగిన భయము మిగులును.

అంతకంటె దుస్సహమైనది అనుమానము. 1901లో ఫ్రాంక్‌ఫర్టు చికిత్సాలయమున ఆలోయిస్ ఆల్జీమర్ వైద్యుడు పరీక్షించిన ఆగుస్టె డేటర్ అను ఏబదియొక్క యేండ్ల గృహిణికి మొదట పొడసూపిన లక్షణములలో ఒకటి, రైల్వే గుమాస్తాయగు తన భర్తయెడ అకారణమైన అసూయ. ఈ వ్యాధి వైద్యశాస్త్రమున ప్రవేశించినదే యొక సంసారపు కలతగా! మన యిండ్లలోను, ఏబదియేండ్లు కాపురము చేసిన భార్యను పట్టుకొని, పింఛను డబ్బు నీవే దాచితివని నిందించు వృద్ధులు కలరు. ఆ నింద రోగము పలికించుచున్నదే యని తెలిసియు కన్నీరాగని యా తల్లుల వేదన, నాకు మిక్కిలి పూజ్యము.

ఓకానర్ దంపతుల కథకు తిరిగి వత్తము. ఆమె పదవీవిరమణానంతరము జాన్ స్థితి మఱింత దిగజారగా, ఆయనను ఫీనిక్సులోని సంరక్షణాలయమున చేర్పింపవలసివచ్చెను. తొలుత ఆయన మిగుల క్రుంగిపోయెను. పిమ్మట, అచ్చటనే యున్న మఱియొక రోగిణియం దనురాగము పెంచుకొని, నూతనప్రేమలో నున్న యువకునివలె ఉల్లాసము పొందెనని వారి కుమారుడు 2007లో వెల్లడించెను. వారిరువురు ఉయ్యాలబల్లపై చేతులు పట్టుకొని కూర్చుండగా సాండ్రా వచ్చి పలుకరించుచుండెడిదనియు, భర్త సుఖముగా నున్నాడని ఆమె ఊఱట చెందెననియు పత్రికలు వ్రాసినవి. వినువారికి ముందు తోచునది జాలి. నాకు మాత్ర మిది దాంపత్యము భగ్నమగుటగా తోచదు. భర్త మనస్సున తన స్థాన మెచ్చటనని వెదకుకొనక, ఆ మనస్సునకు శాంతి కలదా యని విచారించుట, ఏబదియేండ్ల సాహచర్యము పండినవారికి గాని అలవడదు.

2008లో సెనేటు సంఘము నెదుట మాటలాడుచు, ఇది కుటుంబమంతటిని పీడించు వ్యాధియని ఆమె చెప్పెను. జాన్ 2009లో మరణించెను. 2018లో ఆమెయే తనకును మతిభ్రంశవ్యాధి ప్రారంభమైనదని బహిరంగలేఖలో తెలిపెను.

మన బంధువులు పరామర్శకు వచ్చి, "నేనెవరో చెప్పు మామయ్యా" యని రోగిని పరీక్షించుట సర్వసాధారణము. ఆ ప్రశ్నకు జవాబు తోచక ఆయన సిగ్గుపడుటయే దానివలన ఫలము. అంతకంటె, తమ పేరు తామే చెప్పుకొని ఆయన ప్రక్కన కూర్చుండి, రాత్రియంతయు ఆయన వీధిలోనికి పోకుండ కావలికాచిన అత్తయ్యను లోపలి గదిలో రెండు గంటలు నిద్రపొమ్మని పంపుదురుగాక.