మంచం పట్టిన కండరాలు

చేయి విరిగి కట్టు వేయించుకున్న స్నేహితుడు మీ తరగతిలో ఒక్కడైనా ఉండే ఉంటాడు. కొన్ని వారాల తరువాత కట్టు విప్పినప్పుడు ఆ చేతిని గమనించారా? రెండో చేతికన్నా సన్నగా ఉంటుంది. ఎముక అతుక్కుంది గాని, పని లేక కండరం తరిగిపోయింది. ఒక్క చేతికే ఇలా అయితే, వారాల తరబడి ఒళ్ళంతా కదలకుండా మంచంమీద ఉన్న రోగి సంగతేమిటి?

1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో 20 ఏళ్ళ వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులను పరిశోధకులు మూడు వారాలపాటు మంచం దిగనివ్వలేదు. వారికి ఏ జబ్బూ లేదు. అయినా, గట్టిగా శ్రమించేటప్పుడు వారి శరీరం వాడుకోగల ఆక్సిజన్ నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్ళ తరువాత అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షించారు. చిత్రమేమిటంటే, 30 ఏళ్ళ వయసు తగ్గించిన శక్తికన్నా ఆ మూడు వారాల మంచం తగ్గించినదే ఎక్కువ!

దీనికి జబ్బు కూడా తోడైతే? మన కండరాల్లో ప్రోటీన్లు నిత్యం తయారవుతూ, నిత్యం విచ్ఛిన్నమవుతూ ఉంటాయి. జమా ఖర్చులు సరిపోయినంతకాలం కండరం నిలుస్తుంది. తీవ్రమైన జబ్బులో తయారీ మందగిస్తుంది, ఖర్చు పెరుగుతుంది. లండన్‌లో ఐ.సి.యు.లో ఉన్న 63 మంది రోగుల తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి, ఆ ఫలితాలను 2013లో ప్రకటించారు. పది రోజుల్లో దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 18 శాతం తగ్గింది! మనం ఊపిరి పీల్చడానికి తోడ్పడే ఉదరవితానం కూడా కండరమే. శ్వాసయంత్రం దాని పని తాను చేసిపెడుతుంటే అదీ బలహీనపడుతుంది.

1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో చెలరేగినప్పుడు సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రబ్బరు సంచులను చేత్తో నొక్కుతూ రోగులకు ఊపిరి అందించారు. ఐ.సి.యు.లకు నాంది అదే. ఆనాడు ప్రాణం నిలిస్తే చాలుననుకున్నారు. రోగికి మత్తుమందు ఇచ్చి, కదలకుండా పడుకోబెట్టడమే మేలనుకునే పద్ధతి చాలాకాలం సాగింది. బతికి ఇంటికి చేరినవారిలో చాలామంది మాత్రం నెలలు గడిచినా మెట్లెక్కలేకపోయేవారు, తిరిగి పనిలో చేరలేకపోయేవారు.

అమెరికాలో శ్వాసయంత్రం మీద ఉన్న 104 మందిపై జరిగిన పరిశోధన 2009లో వెలువడింది. రోజూ కాసేపు అందరికీ మత్తుమందు ఆపేవారు. అందులో సగంమందికి దగ్గరగా, 49 మందికి, తొలి రోజుల్లోనే వ్యాయామం మొదలుపెట్టారు. మెలకువ లేకపోతే ఫిజియోథెరపిస్టులే కాళ్ళూ చేతులూ మెల్లగా ఆడించేవారు. మెలకువ వస్తే మంచం అంచున కూర్చోబెట్టడం, నిలబెట్టడం, వీలైతే నడిపించడం. నోట్లో గొట్టం ఉండగా నడకేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది! కాని ఆసుపత్రి విడిచేనాటికి స్నానం, భోజనం, నడక వంటివి సొంతంగా చేసుకోగలిగినవారు వీరిలో 59 శాతం, మిగిలినవారిలో 35 శాతమే.

అలాగని ఎంత ఎక్కువైతే అంత మేలని కాదు. 2022లో 750 మంది రోగుల పరిశోధన వెలువడింది. మామూలుగా చేయించేదానికన్నా వ్యాయామం బాగా పెంచితే అదనపు లాభమేమీ కనిపించలేదు. పైగా గుండె లయ తప్పడం, రక్తపోటు మారిపోవడం వంటి ఇబ్బందులు పెరిగాయి. మందుకున్నట్టే కదలికకూ మోతాదు ఉందన్నమాట.

కోలుకోవలసినది కండరం ఒక్కటే కాదు. మత్తులోనూ జ్వరంలోనూ రోగికి లేనివి కనిపిస్తాయి. ఎవరో తనను కట్టేశారనో, చంపబోయారనో నమ్ముతాడు. ఇంటికి వచ్చాక కూడా ఆ భయం వదలదు. దీనికి కొన్ని దేశాల్లో నర్సులూ, బంధువులూ కలిసి రోగి పేర ఒక డైరీ రాస్తారు: “ఈ రోజు నీకు జ్వరం తగ్గింది. అమ్మమ్మ వచ్చి నీ చేయి పట్టుకుని కూర్చుంది.” కోలుకున్నాక దాన్ని రోగి చేతికిస్తారు. ఐరోపాలో 352 మందిపై జరిపి 2010లో ప్రకటించిన పరిశోధనలో, డైరీ అందుకున్నవారిలో తీవ్రమైన మానసిక భయం కొత్తగా కలిగినవారు 5 శాతం. అప్పటికింకా అందుకోనివారిలో 13 శాతం. ఆ డైరీకి అయ్యే ఖర్చు ఒక నోటుపుస్తకం, ఒక కలం.