విసిరే చేతికి తగిన చక్రం

లేపాక్షి వీరభద్రస్వామి ఆలయం కూర్మశైలమనే చిన్న గుట్టపై వెలసింది. నడుమ ఉబ్బి అన్ని వైపులకు వాలిన తాబేటి చిప్పను పోలి ఉండటం చేత ఆ గుట్టకు ఆ పేరు వచ్చింది. చేతితో విసిరే ఒక ఆట వస్తువు కూడ ఇంచుమించు ఇదే ఆకారంలో ఉంటుంది. దానిని డిస్కు అంటారు. పైభాగం కొద్దిగా ఉబ్బెత్తుగా, అడుగుభాగం బోలుగా, అంచు దళసరిగా ఉండే ఈ ప్లాస్టిక్ చక్రంతో ఆడే ఆటయే డిస్క్ గోల్ఫ్. ఈ ఆటను కొత్తగా నేర్చుకొనేవారు దూరానికి విసిరే డిస్కును ఏ విధంగా ఎన్నుకోవాలో ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఆట పుట్టుక

విసిరే చక్రం మనకు కొత్త కాదు. విష్ణుమూర్తి చేతిలోని సుదర్శనాన్ని ఎరుగని తెలుగువారు ఉండరు. అయితే వినోదం కోసం విసిరే నేటి చక్రం అమెరికాలో రూపుదిద్దుకొంది. రొట్టెలు కాల్చే రేకు పళ్లేలను విసురుకొని ఆడే అలవాటు అక్కడ ఉండేది. ఫ్రెడ్ మారిసన్ అనే ఆయన అటువంటి చక్రాన్ని ప్లాస్టిక్‌తో రూపొందించగా, 1957లో వామ్-ఓ అనే సంస్థ దానిని అమ్మకానికి తెచ్చింది. అదే ఫ్రిస్బీగా ప్రసిద్ధి చెందింది. 1975లో ఎడ్ హెడ్రిక్ కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో డిస్క్ గోల్ఫ్ మైదానాన్ని ఏర్పాటు చేశాడు. 1983లో డేవ్ డునిపేస్ అంచును ఏటవాలుగా మలచిన డిస్కును తయారుచేశాడు. గాలిని చీల్చుకొని పోయే ఆ అంచు వలన డిస్కులు పూర్వం కంటె ఎంతో దూరం పోసాగాయి.

గోల్ఫులో బంతిని కర్రతో కొట్టి గుంటలో పడవేస్తారు. ఇక్కడ డిస్కును విసిరి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడవేయాలి. డిస్కు పడిన చోటి నుంచే మళ్లీ విసరాలి. తక్కువ విసుర్లతో ఆట ముగించినవారే విజేతలు.

కరవు నేలకు తగిన ఆట

అనంతపురం పీఠభూమిలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. గోల్ఫు మైదానంలోని పచ్చికను నిలుపుకోవడానికి నిత్యం నీరు పెట్టాలి. తాగునీటికే వెతలు పడే ప్రాంతాలకు అది తగినది కాదు. డిస్క్ గోల్ఫుకు పచ్చికతో పని లేదు. ఉన్న వేపచెట్టు, ఉన్న బండరాయి, ఉన్న గుట్ట ఇందులో ఆటంకాలుగా పనికివస్తాయి. బుట్ట లేనిచోట చెట్టు మొదలునే గురిగా పెట్టుకోవచ్చు. ఖర్చంతా డిస్కు మీదనే. అది ఊరి దుకాణంలో దొరికేది కాదు. డబ్బు పెట్టి తెప్పించుకోవలసినదే. అందుచేత ఎంపికలో పొరపాటు జరిగితే డబ్బుతోపాటు ఉత్సాహం కూడ వ్యర్థమవుతుంది.

డిస్కుల రకాలు

డిస్కులను వాటి పనిని బట్టి నాలుగు రకాలుగా విభజిస్తారు. బుట్ట దగ్గర వాడేది పుటర్. మధ్యస్థ దూరానికి మిడ్‌రేంజ్. అంతకు మించిన దూరానికి ఫెయిర్‌వే డ్రైవర్. అన్నిటి కంటె ఎక్కువ దూరానికి డిస్టెన్స్ డ్రైవర్. పుటర్ అంచు మొద్దుగా ఉంటుంది. డిస్టెన్స్ డ్రైవర్ అంచు వెడల్పుగా, పదునుగా ఉంటుంది.

పలు తయారీ సంస్థలు డిస్కు స్వభావాన్ని నాలుగు అంకెలతో తెలుపుతాయి. మొదటిది వేగం. రెండవది గాలిలో తేలే గుణం. మూడవది తొలి మలుపు, అనగా డిస్కు వేగంగా పోయేటప్పుడు ఒరిగే తీరు. నాలుగవది తుది మలుపు, అనగా వేగం తగ్గిన పిదప ఒరిగే తీరు. కుడిచేతి వాటం గలవారు చేతిని ఎడమ నుంచి ఛాతీ మీదుగా లాగి విసిరినప్పుడు తొలి మలుపు కుడివైపుకు, తుది మలుపు ఎడమవైపుకు ఉంటుంది. ఎడమచేతి వాటం వారికి ఇది తారుమారవుతుంది. తొలి మలుపును ఎక్కువగా రుణ సంఖ్యలతో సూచిస్తారు. సున్నా నుంచి ఎంత దిగువకు పోతే డిస్కు అంత సులభంగా కుడివైపుకు ఒరుగుతుంది.

కొత్తవారు పొరపడేది మొదటి అంకె దగ్గరనే. వేగం 12 అని ఉంటే ఆ డిస్కు తనంతట తానే వేగంగా పోతుందని భావిస్తారు. నిజానికి ఆ అంకె డిస్కు మనకు ఇచ్చే వేగం కాదు, మన చేతిని అడిగే వేగం. అంత వేగంతో విసరగలిగినప్పుడే అది తన మార్గంలో సాగుతుంది.

బొంగరం చెప్పే పాఠం

బొంగరం వేగంగా తిరిగినంతసేపు నిటారుగా నిలుస్తుంది. తిరుగుడు మందగించగానే తూలి పడిపోతుంది. డిస్కును కూడ గాలిలో నిలిపేది దాని భ్రమణమే. ముందుకు పోయే వేగం తగినంత లేనప్పుడు గాలి ఒత్తిడి డిస్కు ముందు భాగాన్ని పైకి ఎత్తజూస్తుంది. తిరుగుతున్న వస్తువు కనుక అది వెనుకకు తిరగబడక ఒక ప్రక్కకు ఒరుగుతుంది. అదే తుది మలుపు.

ఇన్నోవా సంస్థ తయారుచేసే రెండు డిస్కులను పోల్చి చూద్దాం. 'డిస్ట్రాయర్' అంకెలు 12, 5, -1, 3. 'సైడ్‌వైండర్' అంకెలు 9, 5, -3, 1. ఒక విద్యార్థి మొదటి రోజున డిస్ట్రాయర్‌ను విసిరాడనుకొందాం. చేతిలో చాలినంత వేగం లేదు కనుక అది కుడివైపుకు ఒరగనే ఒరగదు. కొంతదూరం పోయి వెంటనే ఎడమకు తిరిగి నేలను తాకుతుంది. అతడు మరింత బలం ఉపయోగిస్తాడు. భుజం నొప్పి పుడుతుందే గాని దూరం పెరగదు. ఈ ఆట తనకు రాదని మానుకొంటాడు. తప్పు అతని చేతిది కాదు, ఎంపికది. అదే విద్యార్థి సైడ్‌వైండర్‌ను విసిరితే అది కొద్దిగా కుడికి ఒరిగి, తేలుతూ సాగి, చివరకు స్వల్పంగా ఎడమకు తిరుగుతుంది. తక్కువ బలంతోనే ఎక్కువ దూరం లభిస్తుంది.

ఎంపికలో గమనింపదగినవి

తొలి డిస్టెన్స్ డ్రైవర్ వేగం 9 లేదా 10కి మించకూడదు. తేలే గుణం 5 లేదా అంతకంటె ఎక్కువ ఉండాలి. తొలి మలుపు -2 నుంచి -4 వరకు, తుది మలుపు 1 ఉంటే మేలు. బరువు 150 నుంచి 165 గ్రాముల నడుమ ఉంటే లేత చేతులకు తేలికగా తిరుగుతుంది. అంచు పిడికిలికి ఇమడాలి. వేళ్లు చాలనంత వెడల్పు అంచు గలది ఎంత పేరు పొందినదైనా పనికిరాదు. ముందుగా పుటర్‌తోను, మిడ్‌రేంజ్‌తోను సరళంగా విసరడం నేర్చి, ఆ తరువాతనే డ్రైవర్‌ను చేతపట్టడం ఉత్తమం.

సులభమైన డిస్కును ఎన్నుకోవడం చిన్నతనం కాదు. డిస్కస్ త్రో పోటీలలో పురుషులు 2 కిలోల చక్రాన్ని విసిరితే, 18 ఏళ్లలోపు బాలురకు 1.5 కిలోల చక్రాన్నే ఇస్తారు. వయసుకు, బలానికి తగిన సాధనాన్ని ఇవ్వడం క్రీడాధర్మం.

గాలి సంగతి

ఈ ప్రాంతంలో గాలిని లెక్కచేయక తప్పదు. రామగిరి కొండలపై 1990లలో గాలిమరలు నెలకొల్పడానికి కారణం ఇక్కడి గాలి బలమే. నైరుతి రుతుపవనాల కాలంలో అది మరింత ఉధృతంగా వీస్తుంది. ఎదురుగాలిలో డిస్కు మీద వీచే గాలి వేగం పెరుగుతుంది. అందువలన తేలికైన డిస్కు మరీ ఎక్కువగా ఒరిగి బోర్లపడుతుంది. అటువంటప్పుడు కొంచెం బరువైనది, తక్కువ ఒరిగేది వాడాలి. వెనుకగాలిలో దీనికి భిన్నంగా సులభంగా ఒరిగే డిస్కే మేలు చేస్తుంది. 2016లో డేవిడ్ విగ్గిన్స్ అమెరికాలోని నెవాడా ఎడారిలో 338 మీటర్ల దూరం విసిరినప్పుడు ఆయన చేతికి వెనుకగాలి కూడ తోడయింది.

డిస్కు వేగంగా పోయే గట్టి వస్తువు. మనుషులు, పశువులు తిరిగే చోట దానిని విసరరాదు. లేపాక్షి ఆలయ ప్రాంగణం, ఏకశిలా నంది పరిసరాలు రక్షిత స్థలాలు. అక్కడ ఈ ఆట తగదు. వేరుశనగ పైరు ఉన్న చేలలోకి డిస్కు పోతే రైతు కష్టాన్ని తొక్కినట్లే. బీడు భూమి, కోత ముగిసిన చేను, కళాశాల మైదానం ఇందుకు అనువైనవి.

ఇతరుల చేతిలో దూరం పోయిన చక్రం మన చేతిలోను అంతే దూరం పోతుందని అనుకోరాదు. ముందు మన బలమెంతో తెలుసుకోవాలి. దానికి తగినది ఎన్నుకొని సాధన చేస్తే బలం పెరుగుతుంది. అప్పుడు వేగవంతమైన డిస్కులు కూడ మన మాట వింటాయి.

ప్రశ్నలు

వ్యాసరూప ప్రశ్న
అ) కొత్తగా నేర్చుకొనేవారు డిస్టెన్స్ డ్రైవర్‌ను ఎన్నుకొనే విధానాన్ని వివరించండి.

లఘు ప్రశ్నలు
ఆ) డిస్క్ గోల్ఫ్ కరవు నేలకు తగిన ఆట అనడానికి కారణాలేమిటి?
ఇ) డిస్కు మీద ఎదురుగాలి, వెనుకగాలి చూపే ప్రభావాన్ని తెలపండి.
ఈ) బొంగరానికి, డిస్కుకు గల పోలికను వ్రాయండి.