తలతిరుగుడు తగ్గకపోతే డాక్టరుకు ఏం చెప్పాలి?

వేమగల్ చుట్టుపక్కల మన తెలుగు ఇళ్ళలో ఈ బాధకు మాటలు చాలానే ఉన్నాయి. కళ్ళు తిరగడం, తల దిమ్మెక్కడం, కళ్ళు బైర్లు కమ్మడం, తూలడం. ఆస్పత్రిలో కన్నడంలో చెప్పేసరికి అన్నీ కలిసి ‘తలెసుత్తు’ అయిపోతాయి. ఆ ఒక్క మాటతో కారణం దొరకదు. ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే వస్తోంది అన్నవి చెబితే మాత్రం ఏ భాషలోనైనా డాక్టరుకు దారి దొరుకుతుంది.

పడుకుని పక్కకు ఒత్తిగిల్లినా, అటక మీదికి తలెత్తి చూసినా గది గిర్రున తిరిగి నిమిషంలోపే ఆగిపోతోందా? అది చాలావరకు లోపలి చెవి సమస్య. అక్కడి సన్నని సున్నపు రేణువులు చోటు తప్పడం వల్ల వస్తుంది. తలను ఒక పక్కకు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి, కనుగుడ్ల కదలికను బట్టి డాక్టరు దీన్ని పట్టేస్తారు. ‘ఎప్లీ’ పద్ధతిలో తలను వరుసగా తిప్పుతూ రేణువులను మళ్ళీ వాటి చోటికి పంపుతారు. మామూలుగా స్కాను అక్కర్లేదు.

లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మితే బీపీని అనుమానించాలి. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే కారణం దొరికినట్టే. కూర్చోబెట్టి ఒక్కసారి చూస్తే ఇది బయటపడకపోవచ్చు. నిలబెట్టి చూడమని అడగడానికి మొహమాటం వద్దు. నీళ్ళు తాగకుండా ఎండలో టమాటా తోటలో పనిచేసినా, బీపీ మాత్రలు, ప్రొస్టేట్ మాత్రలు వేసుకున్నా ఇలా జరగొచ్చు. అందుకే వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి.

రోజంతా నీరసం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం ఉంటే హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. ఆడవాళ్ళకు 12, మగవాళ్ళకు 13 కంటే తక్కువైతే రక్తహీనత. షుగరు మందులు వాడేవారికి చెమటలు పట్టి కళ్ళు తిరిగితే వెంటనే షుగరు చూడాలి.

మన దగ్గర అన్నిటికీ ‘మెడ ఎముకలు అరిగాయి’ అనేయడం అలవాటైంది. వయసు పెరిగితే ఎక్స్‌రేలో ఆ అరుగుదల చాలామందికి కనిపిస్తుంది, తలతిరుగుడు లేనివారికి కూడా. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ప్రోక్లోర్‌పెరజిన్ మాత్ర నెలల తరబడి వేసుకుంటే చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం రావచ్చు.

తలతిరుగుడుతో పాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక పక్క చేయి పట్టు తప్పినా, వస్తువులు రెండుగా కనిపించినా, నిలబడలేకపోయినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. ఎన్ని గంటలకు మొదలైందో గుర్తు పెట్టుకుని చెప్పండి. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.