ఇంట్లో కోయిల, వేదిక మీద మూగనోము

మనలో చాలామంది పిల్లల్ని సంగీతానికి పంపుతున్నాం. నెలనెలా ఫీజు కడతాం, దీపాలు పెట్టే వేళకు శ్రుతిపెట్టె ముందు కూర్చోబెడతాం, పక్కింటావిడ "మీ అమ్మాయి గొంతు కోయిలేనండీ" అంటే మురిసిపోతాం. తీరా నలుగురిలో పాడమనేసరికి ఆ కోయిల కాస్తా మూగనోము పడుతుంది. "భయం అదే పోతుందిలే" అనుకుని ఊరుకుంటాం. అదే పోదండీ. పాట నేర్పినట్టే పదిమందిలో పాడటం కూడా నేర్పాలి. అది వారానికి రెండు గంటల పాఠంలో గురువుగారి వల్ల అయ్యే పని కాదు, ఇంట్లో మనమే చేయించాలి.

ఈ సంగతి నాకు మా తుళ్లూరులోనే తెలిసొచ్చింది. 2013లో శ్రీరామనవమి. అప్పటికింకా రాజధాని మాట లేదు, ఊరి చుట్టూ పత్తి, మిరప. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉండే రోజులు కనుక గాలిలోనే ఘాటు. మా చెల్లెలి కూతురికి పద్నాలుగేళ్ళు. పందిట్లో పావుగంట పాడాలి. దానికంటే ముందు మాట్లాడిన ఆయన నిలబడి మాట్లాడారు, మైకు ఆ ఎత్తులోనే ఉండిపోయింది. ఎవరో కిందికి వంచబోతే కీచుమని అరిచింది. ఆ గోలలో శ్రుతి వినపడలేదు, పిల్ల అర్ధశ్రుతి పైకి ఎత్తుకుంది. మృదంగం ఆయన ముఖం అదే చూడటం. చరణంలో తాళం తప్పింది. ఆపి, "సారీ" అని మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ తప్పింది. మూడోసారి ఏడుస్తూ లేచొచ్చేసింది.

ముందురోజు రాత్రి దాన్ని కూర్చోబెట్టుకుని "ఊరంతా వస్తారమ్మా, మన పరువు నిలబెట్టాలి" అని చెప్పింది ఎవరనుకున్నారు? నేనే. ఆ మాట దాని నెత్తిన ఎంత బరువైందో తరువాత గాని నాకు తోచలేదు. ఆపైన నాలుగు నెలలు పిల్ల నోరు విప్పలేదు. "ఎలాగూ టెన్త్ వస్తోంది, సంగీతం మాన్పించేద్దాం" అన్నారు మా మరిదిగారు.

అసలు భయపడితే ఏమవుతుందో చూడండి. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. ఊపిరి చాలకపోతే పొడుగు స్వరం నిలవదు, చివర వణుకుతుంది. గుండెతో పాటు పాటా పరుగెత్తుతుంది, పాడేవాళ్ళకి మాత్రం మామూలుగానే ఉన్నట్టుంటుంది. మేం సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి చూశాం. ఒంటరిగా ఆరు నిమిషాలు పట్టిన కీర్తన, నలుగురు కూర్చుంటే అయిదు నిమిషాలకే అయిపోయింది. పిల్ల తన చెవులతో తాను విని ఆశ్చర్యపోయింది. కనుక ఎత్తుకోబోయే ముందు నెమ్మదిగా రెండు మూడు ఊపిరులు తీయించండి, మొదటి పంక్తిని మనసులో ఒకసారి అదే వేగంలో పాడుకోమనండి. గోరువెచ్చని నీళ్ళు దగ్గర ఉంచండి. కడుపు నిండా భోజనం పెట్టి మాత్రం పంపకండి.

ఇక మేం చేసిన ముఖ్యమైన పని ఉత్తుత్తి కచేరి. ఆదివారం సాయంత్రం ముందుగదిలో చాప వేసి, పక్కవాటాల వాళ్ళని పిలిచేదాన్ని. పిల్ల లోపలి గదిలోంచి నడిచి రావాలి, నమస్కారం పెట్టాలి, శ్రుతి చూసుకోవాలి, వర్ణం దగ్గర నుంచి మంగళం దాకా పాడాలి. పండుగనాడు కట్టబోయే పట్టు లంగా, ఓణీలే కట్టాలి, ఎందుకంటే బిగుతు జాకెట్టులో ఊపిరి తీయడం వేరు. నియమం ఒక్కటే, ఏం జరిగినా ఆపకూడదు. నేను కావాలనే మధ్యలో స్టీలు పళ్ళెం జారవిడిచేదాన్ని. కుక్కరు ఈల సంగతి చెప్పక్కర్లేదు, అది నేను పిలవకపోయినా వచ్చేది! తప్పు చేయకుండా పాడటానికి చేసే సాధన ఒకటి, తప్పు వచ్చినా దాటుకుపోవడానికి చేసే సాధన ఇంకొకటి. మొదటిదాంట్లో ఆపి దిద్దుకోవాలి, రెండోదాంట్లో ఆపకూడదు. ఈ రెంటినీ ఒకే పూట కలిపితే పిల్లలు తికమకపడతారు.

పెళ్ళిళ్ళలో నాదస్వరం వాళ్ళను గమనించారా? ఎంత మంచి సంగతిలో ఉన్నా సరే, పంతులుగారు చెయ్యెత్తగానే గట్టిమేళంలోకి వెళ్ళిపోతారు. చెవి పాట మీద, కన్ను పీటల మీద. ఆ వాద్యానికి మన ఒంగోలు, చిలకలూరిపేట ప్రాంతం పెట్టింది పేరు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబు గారు సంప్రదాయంగా నాదస్వరం వాయించే కుటుంబంలోని వారై ఉండి కూడా, తంజావూరు సీమ వెళ్ళి నాచ్చియార్‌కోవిల్ సోదరుల దగ్గర శిష్యుడిగా కూర్చున్నారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. వారి శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. భార్యాభర్తలు జంటగా నాదస్వరం వాయించేటప్పుడు ఒకరు ఊపిరి తీసుకునే చోట ఇంకొకరు నాదం నిలపాలి. అలా ఊపిరి అందుకోవడం ఎన్ని పూటలు పక్కపక్కన కూర్చుంటే వస్తుందో ఆలోచించండి.

పక్కవాద్యం వాళ్ళతోనూ అంతే. కనీసం గంట ముందు కలిసి ఏ కీర్తన, ఏ తాళం, ఎడుపు ఎక్కడ, ఎంత కాలప్రమాణం అన్నది చెప్పుకోవాలి. వరస కూడా ముందే అనుకోవాలి. ఇప్పటి కచేరి పద్ధతికి రూపం దిద్దినవారు అరియక్కుడి రామానుజ అయ్యంగారు (1890-1967) అంటారు. ముందు వర్ణం, తరువాత చురుకైన చిన్న కీర్తనలు, గొంతు వేడెక్కాక పెద్ద కీర్తన, చివర తేలికపాటివి. మన పిల్లల పావుగంటకూ ఇదే సూత్రం. కష్టమైనదాన్ని మొదట పెట్టవద్దు. పావుగంట ఇస్తే పన్నెండు నిమిషాలకే సిద్ధం చేయండి.

మైకు సంగతి. నోటికి జానెడు దూరంలో ఉంచి, పై స్థాయికి వెళ్ళేటప్పుడు తల కొద్దిగా వెనక్కి తీసుకోమనండి. కీచుమంటే అది పిల్ల తప్పు కాదు. స్పీకరులోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకే వెళ్ళి పెరిగిపోతుంది. స్పీకరు ముఖం పక్కకు తిప్పిస్తే సరి. ఇది పాట మొదలు కాకముందే, వెళ్ళి అడిగి చేయించుకోవాలి. మొహమాటపడితే కుదరదు.

ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి కచేరీలకు ఏం పాడాలో భర్త సదాశివం గారే ఆలోచించి, ముందువరుసలో కూర్చునేవారు. మనమూ కూర్చోవచ్చు. కాకపోతే పెదవులు కదపడం, కనుబొమలు ముడవడం పనికిరాదు. ఇది నాకు నేర్చుకోవడానికి చాలాకాలం పట్టింది లెండి.

ఆ ఏడే దసరాల్లో గుంటూరులో మా వీధి గుడిలో పాడమన్నారు. "మానేస్తే మానెయ్యి" అన్నాను, పరువు మాట ఎత్తలేదు. పాడింది. నేను ముందువరుసలో ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి పులిహోర తింటూ, "పెద్దమ్మా, అనుపల్లవిలో ఒక పంక్తి మరిచిపోయాను, ముందు సంగతే మళ్ళీ పాడేశాను, మృదంగం ఆయన ఒక్కరే నవ్వారు" అంది. నాకు తెలియనే లేదు.